మూడు తాళాల గొట్టం

మా తూదా అత్తని నమ్మించగల మొనగాడు సఘ్రో కొండలకి ఇటువైపు పుట్టలేదు. అటువైపు పుట్టినవాడెవడైనా ఉంటే, వాడు ఇటు రావడానికి భయపడి ఉంటాడు. పెళ్లినాడు మా ఆచారం ప్రకారం పెళ్లికొడుకు తలపాగా కొంగు మొహమ్మీదికి దించుకుని వస్తే, ఆమె అందరి ముందూ ఆ కొంగెత్తి చూసిందట, చెప్పినవాణ్నే తెచ్చారా లేదా అని. చూసి, "మనిషి వీడే. పళ్లు మాత్రం చెప్పినన్ని లేవు" అందట. ఆ పెళ్లికొడుకు మా మేనమామ జాయిద్. పళ్ల మాట నిజమే.

కోడి గుడ్డు పెడితే అది నీదేనా అని కోడినే నిలదీసేది. దక్షిణపు గాలి వీస్తే, దీన్నెవరు పిలిచారో చూసొస్తానని ఉత్తరానికి బయలుదేరేది. నేను చెప్పేదాంట్లో సగం అబద్ధమని మా తనూత్ ఊళ్లో అంటారు. ఏ సగమో చెప్పమనండి, ఒక్కడూ చెప్పలేడు.

ఊరికే వచ్చిన బుద్ధి కాదది. ఆమె పుట్టిల్లు అవతలి లోయలో ఉండేది. చిన్నప్పుడు అక్కడికి గనివాళ్లు వచ్చి, "ఒక్క గొట్టం దించుతాం, పరీక్షకే" అన్నారు. ఊరు సరేనంది. పరీక్ష గొట్టానికి మోటారొచ్చింది, మోటారుకి కాపలావాడొచ్చాడు, కాపలావాడికి కుక్క వచ్చింది. ఊరికి మాత్రం నీళ్లు రావడం మానేశాయి. ఇప్పుడా ఊళ్లో గోడలున్నాయి, కప్పులు లేవు. నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. మా అత్త మజ్జిగే కాదు, మజ్జిగ తెచ్చినవాణ్ని కూడా ఊది చూస్తుంది.

మావయ్య పోయాక ఆమెకి మిగిలింది ఒక గాడిద, ఒక మడి. కొండ కిందున్న నీటిని మా పెద్దలు నేల కడుపులో సొరంగం తవ్వి ఊళ్లోకి తెచ్చారు. దాన్ని ఖెత్తారా అంటాం. ఆ నీరు మొదట వెలుగు చూసేది అత్త మడి దగ్గరే. మడి నిండా గోరింట, గట్టు వెంబడి జీలకర్ర. మంచినీళ్లొస్తే మొదట ఆమెకి, విషమొస్తే కూడా మొదట ఆమెకే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ ఏడు కంపెనీవాళ్లు మా ఎగువ లోయ మీద కన్నేశారు. కొండవతల వాళ్ల వెండి గని ఉంది. రాయిని పిండి చేసి, మందు నీళ్లలో కడిగి, వెండి తీసుకున్నాక బురద మిగులుతుంది కదా. ఆ బురదని నిలవ చెయ్యడానికి లోయకి అడ్డంగా కట్ట కట్టి చెరువు చేస్తామన్నారు. అయితే కట్టే ముందు కింద నీరుందా, ఉంటే ఎటు పోతోంది, ఆ లోయలో ఏ జీవాలున్నాయి, ఏ మొక్కలున్నాయి అని లెక్కతేల్చాలట. అందుకు మెక్నెస్ పట్నం నుంచి బహీజా అనే ఇంజనీరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, ఎండకి కందిన ముక్కు, మాట తక్కువ. మా భాష ఆమెకి రాదు, ఆమె అరబ్బీ మావాళ్లలో సగంమందికి రాదు. మధ్యలో నేను దొరికాను. విశ్వవిద్యాలయం నన్ను వదిలేసిందని ఊళ్లో చెప్పుకుంటారు గానీ దాన్ని వదిలేసింది నేనే. ఇప్పటికీ అది కోలుకోలేదని విన్నాను.

మొదటి రోజే చెడింది. ఊరికొచ్చిన అతిథి టీ తాగాలి, అది తప్పదు. అత్త వాకిట్లోనే కూర్చోబెట్టి, చక్కెర గడ్డ కొట్టి, ఎత్తు నుంచి నురగ లేచేలా గ్లాసులో పోసింది. ఇంజనీరమ్మ గ్లాసు అందుకుంది, పెదవికి ఆనించింది, కింద పెట్టేసింది.

"తాగలేదు," అంది అత్త నావైపు తిరిగి.

"దాహం లేదేమో అత్తా."

"టీ దాహానికి తాగుతార్రా? మన నీళ్లలో ఏం కలవబోతోందో ఆవిడకి ముందే తెలుసు. అందుకే ముట్టలేదు. అడుగు, ఎందుకు తాగలేదో అడుగు!"

నేను ఇంజనీరమ్మ వైపు తిరిగి, "మీరు మా ఇంటికి రావడం మా పూర్వపుణ్యం, మీ ముక్కు చందమామలా ఉంది అంటోంది మా అత్త" అన్నాను.

అత్త కళ్లు చిన్నవయ్యాయి. "నేనన్నది జానెడు. నువ్వన్నది బారెడు. మిగతాది ఎక్కడినుంచొచ్చింది?"

"అరబ్బీ పొడుగు భాష అత్తా."

ఆ రోజునుంచి ఆమె ఇంజనీరమ్మతోబాటు నన్ను కూడా అనుమానితుల్లో చేర్చింది.

తరవాత లారీ మీద యంత్రం వచ్చింది. ఎగువ లోయ అడుగున, రేగుపొదల పక్కన, రెండు రోజులు నేలని పొడిచింది. ఇరవై నిలువుల లోతుకి పిడికిలి పట్టేంత గొట్టం దించి, మూతపెట్టి, తీగతో కట్టి వెళ్లిపోయింది. ముందు ఈ ఒక్కటి. ఇందులో నీళ్లు కనిపిస్తే ఇంకొన్ని దించి నీటి దారి వెతుకుతారు. కనిపించకపోతే ఎండు లోయ అని రాసేస్తారు.

అత్తకి 'ఒక్క గొట్టం' అన్న మాట చాలు. తిన్నగా మా నీటి పెద్ద యిద్దర్ ఇంటికి వెళ్లింది. నీటి వంతులు పంచేది, తగవులు తీర్చేది ఆయనే. నేనూ వెనకే వెళ్లాను, వినోదం ఊరికే దొరుకుతుంటే వదులుకోవడమెందుకని.

"యిద్దర్ మావా, ఆ గొట్టం ఎక్కడుందో చూశావా? హరీమ్ లోపల!"

ఖెత్తారా సొరంగం మొదలయ్యే చోటున్న తల బావి చుట్టూ ఇంత మేర ఇంకెవరూ గొయ్యి తవ్వకూడదని మా కట్టుబాటు. ఆ మేరనే హరీమ్ అంటాం. ఎవరైనా తవ్వితే దాన్ని పూడ్చే హక్కు నీటి వాటా ఉన్న ప్రతివాడికీ ఉంది. ఇది ఏ కాగితం మీదా లేదు, అందుకే ఇన్నాళ్లు నిలిచింది.

యిద్దర్ గడ్డం గోక్కున్నాడు. "చూశానమ్మా. అది తోడే గొట్టం కాదు, చూసే గొట్టం అంటున్నారు."

"మా నాన్నకీ అలాగే చెప్పారు."

"సర్కారు అనుమతి ఉందట."

"మా నాన్నకీ చూపించారు."

"చూద్దాం లేమ్మా."

"చూసే గొట్టం, చూసే పెద్దమనిషి. సరిపోయింది," అని లేచింది అత్త.

మర్నాడు పొద్దున్నే గాడిదని తోలుకుని ఎగువ లోయకి బయలుదేరింది. టీలో వేసుకునే చేదాకు కోసుకొస్తానని అందరికీ వినిపించేలా చెప్పింది. మా అత్త ఎక్కడికి వెళ్తుందో తనంతట తను చెప్పడం అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ విద్యలో నేనింకా ఆమెకి శిష్యుణ్నే.

ఈలోగా ఇంజనీరమ్మ రెండో పని మొదలుపెట్టింది. లోయలో ఏయే జీవాలు తిరుగుతాయో ఇంటింటికీ వెళ్లి అడగాలి, తనూ నడిచి చూడాలి. అడిగేది ఆమె, తర్జుమా చేసేది నేను, అబద్ధమాడేది ఊరు.

"ఎగువ లోయలో మీ మేకలు మేస్తాయా?"

"మేకలా? మాకు మేకలెక్కడివమ్మా!" అంది తూదా అత్త పొరుగింటి ఇజ్జా. అదే క్షణంలో ఆమె వెనక గదిలోంచి మేక అరిచింది. ఇజ్జా దగ్గింది. మేక మళ్లీ అరిచింది. ఇజ్జా మళ్లీ దగ్గింది. ఆ వీధంతా ఆ రోజు దగ్గులే.

మా ఊళ్లో ఎవరైనా ఏదైనా లెక్కపెడుతున్నారంటే అది పన్ను కోసమో పట్టుకుపోవడానికో అని పాత భయం. అందుకని మేకల్ని దాచారు. తేనెతుట్టెలు లేవన్నారు. నీటి గుంటలో కప్పలున్నాయా అంటే, కప్ప అంటే ఏమిటన్నారు. జింకల్ని తాతల కాలంలో ఎవరో చూశారట, ఆ తాతకి కళ్లు సరిగ్గా కనపడేవి కావట. నేనొక్కణ్నే ఊరి పరువు కాపాడాను. దూడంత ఉడుముని చూశానని, దాని తోక కొండ మలుపు తిరగడానికి అరపూట పట్టిందని చెప్పాను. ఇంజనీరమ్మ నావైపు చాలాసేపు చూసి ఏమీ రాసుకోలేదు.

పాపం తనూ లోయలో తిరిగింది. కానీ ఆమె వెళ్లే రోజు ముందుగానే తెలిసిపోయేది, మావాళ్లు కుక్కల్ని వదిలేవారు. కుక్కలు తిరిగిన లోయలో ఏ జీవం నిలుస్తుంది? నాలుగు పిచ్చుకలు, ఒక తొండ. తొండ కూడా కంగారుగా ఉంది.

చివరికి బడి ఆవరణలో సభ పెట్టారు. కంపెనీ తరఫున సఫ్రీవీ అనే ఆయన వచ్చాడు. మా దుమ్ములో నడిచినా మెరుపు తగ్గని చెప్పులు వేసుకున్నాడు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. ఇంజనీరమ్మ పక్కన తల వంచుకుని కూర్చుంది. సఫ్రీవీ లేచి నవ్వుతూ మొదలుపెట్టాడు. నేను ఒక్కో ముక్కా మా భాషలో చెప్పాను. ఆ రోజు నిజంగానే ఒక్క ముక్క కలపలేదు, కలపడానికి నోరు రాలేదు.

"ఎగువ లోయలో దించిన గొట్టం పొడిగా ఉంది. అంటే కింద నీరు లేదు. మేత మేసే పశువులు లేవు, ఆ మాట మీరే చెప్పారు. తేనెటీగలు లేవు. కప్పలు లేవు. జింకలు లేవు. అంటే అదొక ఖాళీ లోయ. ఖాళీ లోయలో చెరువు కడితే ఎవరికీ నష్టం లేదు. ఈ ఊరి నిజాయితీకి కంపెనీ తరఫున ధన్యవాదాలు."

దూరంగా ఎవరిదో మేక అరిచింది. ఈసారి ఎవరూ దగ్గలేదు.

అప్పుడు అర్థమైంది మాకు. వాళ్లెక్కడ తీసుకుపోతారో అని ఒక్కొక్కటీ దాచుకుంటూ లోయ మొత్తాన్ని మేమే ఖాళీ చేసి వాళ్ల చేతిలో పెట్టాం.

"ఇంజనీరమ్మా, నువ్వు కూడా అదే అంటావా?" అన్నాడు యిద్దర్.

బహీజా తలెత్తింది. "నేను కొలిచింది పొడిగానే ఉంది. కానీ తవ్వినవాళ్లు చెప్పిన లోతుకి నా టేపు దిగట్లేదు. సగంలో ఆగిపోతోంది. లోపల కూలిపోయి ఉంటుందంటున్నారు. నాకు అనుమానంగానే ఉంది. అనుమానాన్ని నీటిమట్టమని రాయలేను కదా."

అనుమానం అన్న మాట నేను తర్జుమా చెయ్యగానే ఆడవాళ్ల మధ్యలో ఒక తల లేచింది. తూదా అత్త. మొహం మట్టిగోడలా ఉంది. చేతులు మాత్రం శాలువా అంచుని పిండుతున్నాయి. ఆ క్షణంలో నాకు చేదాకు, గాడిద, పొద్దున్నే ప్రయాణం అన్నీ వరసగా కళ్లముందు నిలిచాయి.

ఆమె సభ మధ్యలోకి నడిచొచ్చింది. నన్ను పక్కకి తోసి, సంతలో నేర్చుకున్న వచ్చీరాని అరబ్బీలో సూటిగా ఇంజనీరమ్మని అడిగింది.

"నువ్వు నా టీ తాగలేదు. ఎందుకు?"

సఫ్రీవీ నవ్వాడు. "ఇప్పుడు టీ సంగతి ఎందుకమ్మా..."

"నిన్నడగలేదు."

ఇంజనీరమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. "నాకు చక్కెర జబ్బు తూదమ్మా. ఆ గ్లాసులో సగం చక్కెరే. ఆ రోజే మీకు చెప్పమని ఇతనికి చెప్పాను."

ఊరంతా నావైపు చూసింది. చెప్పింది నిజమే. ఆ రోజు నేను చందమామ ముక్కు గురించి మాట్లాడే ఊపులో ఉన్నాను.

"ఇజ్జా! టీ పెట్టు. మన ఖెత్తారా నీళ్లు. చక్కెర వెయ్యకు," అంది అత్త.

టీ వచ్చేదాకా సభ ఆగింది. కంపెనీ పెద్దమనిషి గడియారం చూసుకున్నా మావాళ్లు కదలలేదు. చక్కెర లేని టీ మా ఊళ్లో అంతకుముందు ఎవరూ కాచి ఉండరు. ఇజ్జా దాన్ని శవాన్ని మోసినట్టు మోసుకొచ్చింది. అత్త ముందు తనొక గుక్క తాగి మొహం చిట్లించి, గ్లాసు ఇంజనీరమ్మకి ఇచ్చింది. బహీజా ఊదుకుంటూ అడుగుదాకా తాగి, ఇంకో గ్లాసు అడిగింది.

అత్త తల పంకించింది. "ఆ గొట్టాన్ని పూడ్చింది నేను. పీచూ మన్నూ కూరి. పదండి, తీస్తాను."

సఫ్రీవీ మొహంలో నవ్వు పోయింది. "కంపెనీ ఆస్తిని పాడుచేశావా? పోలీసులకి చెప్తే ఏమవుతుందో తెలుసా?"

అత్త నోరు విప్పేలోగా యిద్దర్ కర్ర ఊతగా లేచాడు. "హరీమ్ లోపల తవ్విన గొయ్యి పూడ్చడం మా కట్టుబాటు. ఆమె చెయ్యి మా ఊరి చెయ్యి. అందులో నాదీ ఉంది."

"నాదీ ఉంది," అన్నాడు చెప్పులు కుట్టే బాహా. ఆ గొట్టం పూడ్చినప్పుడు వాడు కాసాబ్లాంకాలో ఉన్నాడు. అయినా లేచాడు. మాలో ఒకరి మీద నింద పడితే వాళ్ల తరఫువాళ్లు వరసగా నిలబడి మాటివ్వడం రివాజు. ఒకరి తరవాత ఒకరు లేచారు. ఇజ్జా టీ కుండతో సహా లేచింది. నేనైతే రెండు చేతులూ నావేనన్నాను.

అత్త అందరినీ కలియజూసింది. "మన్ను మోసే రోజున ఒక్క చెయ్యీ లేదే! ఇవాళ ఇన్ని ఎక్కడినుంచి మొలిచాయి?" అంది. ఆమె అంతే, సాయానికి వచ్చినవాణ్ని కూడా సోదా చెయ్యకుండా లోపలికి రానివ్వదు.

ఊరు ఊరంతా ఎగువ లోయకి నడిచింది. దారిలో అత్త చెప్పింది. ముందు ఖర్జూరపు పీచు ముద్ద కట్టి గొట్టంలోకి తోసిందట. అది సగంలో ఇరుక్కున్నాక పైన తడి మన్ను పోసి, తాడుకి కట్టిన రాయితో దట్టించిందట. ఖెత్తారాకి పగులొస్తే మేం పూడ్చే పద్ధతే అది. అలా పూడిస్తే చీమ కూడా దారి అడుక్కోవాలి.

తియ్యడానికి ఇనప కడ్డీకి తాడు కట్టి వదిలాం. మొదటి దెబ్బ నాదే. నేను కొట్టిన దెబ్బకి అవతలి లోయలో గని కూలీలు భోజనాల గంట అనుకుని పని మానేశారని తరవాత తెలిసింది. అయినా బిరడా కదల్లేదు. యువకులు మారి మారి కొట్టారు. చివరికి అడుగున ఏదో తెగినట్టు చప్పుడై, తాడు చేతుల్లోంచి సర్రున జారింది. లోపల ఎక్కడో బుడుంగుమంది.

ఇంజనీరమ్మ టేపు వదిలింది. దాని కొసకి ఉన్న గుండు నీటిని తాకితే పైన కూత వినిపిస్తుంది. టేపు జారింది, ఇంకా జారింది, కూసింది. అత్త ఒక్కసారిగా నేల మీద కూలబడింది. లేచాక, గాడిద కాలు తొక్కిందని చెప్పింది. గాడిద ఊళ్లోనే ఉంది.

"నీళ్లు ఈమే పోసి ఉంటుంది," అన్నాడు సఫ్రీవీ. "పూడ్చిన మనిషి పొయ్యలేదా?"

అత్త ఆయన్ని తలనుంచి మెరుపు చెప్పులదాకా చూసింది. అంతకుముందు ఎవరి మీదా అంత గౌరవం ఆ కళ్లలో నేను చూడలేదు. "ఇదిగో, ఇప్పుడు మనిషిలా మాట్లాడావు," అంది. "నేనైనా అదే అనేదాన్ని. ఎలా తేలుస్తావు ఇంజనీరమ్మా?"

"తోడేద్దాం. పోసిన నీళ్లయితే అయిపోతాయి. ఊట నీళ్లయితే మళ్లీ అదే మట్టానికి వస్తాయి."

సన్నటి పొడుగాటి గొట్టపు బకెట్‌తో తోడటం మొదలైంది. మొదట మన్ను కలిసి ఎర్రగా, తరవాత మజ్జిగలా, ఆ తరవాత తేటగా వచ్చాయి. తోడిన నీళ్లు అత్త మళ్లీ లోపల పొయ్యకుండా సఫ్రీవీ కాపలా, సఫ్రీవీ గొట్టంలో చెయ్యి పెట్టకుండా అత్త కాపలా. ఎండలో ఒక గొట్టానికి ఇటొకరు అటొకరు, ఒకరినొకరు రెప్పవెయ్యకుండా చూసుకుంటూ కూర్చున్నారు. తోడి ఆపినప్పుడల్లా నీరు మెల్లగా లేచి, ఇంజనీరమ్మ టేపు మీద గీసిన గీత దగ్గరికే వచ్చి నిలిచింది. కొండ నీడ మా మీదికి వచ్చేసరికి సఫ్రీవీ కూడా గీత కేసి చూడటం మానేశాడు.

"ఈ నీరు మీ తల బావి వైపు వాలుగా కదులుతున్నట్టుంది. ఇంకా గొట్టాలు దించి, ఏడాదిపాటు కొలిస్తేగాని తేలదు. కానీ ఎండు లోయ అని మాత్రం రాయను," అంది బహీజా.

"కొంచెం తాగు నాయనా," అని అత్త తేట నీళ్లు దోసిట్లో సఫ్రీవీకి చూపించింది. ఆయన వద్దన్నాడు. "ఇతనికి కూడా చక్కెర జబ్బేమో," అంది.

దిగొచ్చేటప్పుడు ఇంజనీరమ్మ చుట్టూ జనం. నా మేకలు ఇన్నని ఒకరు, నా తేనెతుట్టెలు రాసుకోమని ఇంకొకరు. నిన్నటిదాకా కప్ప తెలియని బాహా ఏకంగా ఏడు రకాల కప్పల్లా అరిచి వినిపించాడు. "చూపించండి. చూసిందే రాస్తాను," అందామె. ఈసారి కుక్కల్ని కట్టేశారు. మూడో ఉదయం గుంట దగ్గర జింకల అడుగులు కనిపించాయి. నా ఉడుము మాత్రం ఇంకా దొరకలేదు. పెద్ద ప్రాణి కదా, మలుపులో ఉండి ఉంటుంది.

గొట్టాన్ని ఉంచాలా తీసెయ్యాలా అన్న పంచాయితీ మూడు పూటలు సాగింది. హరీమ్ లోపల గొయ్యి ఉండకూడదు. కానీ అదే ఇప్పుడు మా సాక్షి. మోటారు బిగించరని నమ్మకమేమిటని అత్త, మళ్లీ పూడ్చరని నమ్మకమేమిటని సఫ్రీవీ. పాత రోజుల్లో ఊరి గాదె తలుపుకి ఒక్కరి తాళమే ఉండేది కాదు, ఒకరు లేకుండా ఇంకొకరు తియ్యలేకుండా ఎవరి తాళం వాళ్లు పెట్టేవారు. యిద్దర్‌కి అది గుర్తొచ్చింది. గొట్టం నోటికి ఇనప మూత బిగించి మూడు తాళాలు వేశారు. ఒక తాళంచెవి ఇంజనీరమ్మది, ఒకటి కంపెనీది, ఒకటి తూదా అత్తది. ముగ్గురూ కలిస్తేగాని ఇప్పుడు ఆ నీటి మొహం ఎవరూ చూడలేరు.

కట్ట పని ఆగింది. కంపెనీవాళ్లు ఇంకో చోటు వెతుకుతున్నారని వినికిడి. "వెతుకుతున్నట్టు నటిస్తున్నారు," అంటుంది అత్త. నీరు కొలిచే రోజున ముగ్గురూ లోయ ఎక్కుతారు. అత్త వెంట చక్కెర లేని టీ తీసుకెళ్తుంది. ముందు తను తాగి మొహం చిట్లిస్తుంది, తరవాత ఇంజనీరమ్మకి ఇస్తుంది. సఫ్రీవీకి కూడా ఇస్తుంది గానీ ఆయన తాగేదాకా చూపు తిప్పదు. గోరింట ఈసారి నడుమెత్తు పెరిగింది.

ఆ తాళంచెవి ఎక్కడ దాచిందో నాకు తెలుసు. ఎండబెట్టిన జీలకర్ర కుండలో, అడుగున. నిన్న పొరపాటున ఆమె ముందు జీలకర్ర వాసన భలే ఉందన్నాను. ఇవాళ వెళ్లి చూస్తే కుండలో జీలకర్రే ఉంది.